ముందు పండుగ, తర్వాత తీరం: తిరుపతి నుంచి గ్రూపుగా శ్రీలంక వెళ్లడం ఎలా?

"పది మందిమి కలిసి శ్రీలంక పోదామనుకుంటున్నాం. ఏ నెలలో వెళ్లాలి? బీచ్ ఎక్కడ బాగుంటుంది? శాకాహారులకి తిండి దొరుకుతుందా?" అడిగేవాళ్లందరూ తిప్పితిప్పి ఈ మూడే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

ఇప్పటికి మూడుసార్లు మా వాళ్లని తీసుకెళ్లాను. మొదటిసారి చేసిన తప్పు తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆగస్టులో 11 మందిమి వెళ్లాం. ఫోటోలు చూసి మనసు పడ్డ మిరిస్సాలో మూడు రాత్రులకి రూములు తీసుకున్నాం. మూడు రోజులూ ఎర్రజెండాలే. పిల్లలు ఇసుకలో కూర్చుని అలల వైపు చూస్తూ ఉండిపోయారు. అదే సమయంలో ద్వీపానికి అటుపక్క ట్రింకోమలీలో సముద్రం చెరువులా ఉందని మా డ్రైవర్ చెప్పాకగానీ మాకు తెలియలేదు.

కాబట్టి వరుస ఇది: ముందు పండుగ తేల్చుకోండి. పండుగ వచ్చే నెలని బట్టి తీరం తేలుతుంది. టికెట్లు ఆ తర్వాతే. చాలామంది చవకగా వచ్చిందని ముందు టికెట్ కొని, తర్వాత ఎక్కడికెళ్దామా అని ఆలోచిస్తున్నారు. ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతున్నాయి.

కావలసినవి

- తిరిగొచ్చే తేదీకి ఇంకా కనీసం 6 నెలల గడువున్న పాస్‌పోర్టు, ఒక్కొక్కరికీ
- శ్రీలంక ప్రభుత్వం ఇచ్చే ఈటీఏ (ముందస్తు ప్రయాణ అనుమతి)
- ట్రావెల్ ఇన్సూరెన్స్
- విదేశాల్లో పనిచేసేలా ఆన్ చేయించుకున్న కార్డు ఒకటి, కొంత నగదు
- చతురస్రపు పిన్నులు మూడుండే ప్లగ్‌కి సరిపోయే అడాప్టర్, ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు
- గుడికి వెళ్లడానికి మోకాళ్లు, భుజాలు కప్పే లేత రంగు బట్టలు. మగవాళ్లకి పంచె ఉంటే మంచిది
- దోమల క్రీము (అక్కడ డెంగీ బెడద ఉంది), వాంతుల మాత్రలు, రోజూ వాడే మందులు, డాక్టర్ చీటీ
- పప్పుల పొడి, పులిహోర గొజ్జు, ఊరగాయ

ఊరగాయ చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. చెక్ ఇన్ సామానులో పెట్టండి, అది కూడా రెండు కవర్లు వేసి గట్టిగా కట్టి. మా పిన్ని పట్టుచీరకి అంటిన ఆవకాయ నూనె మరక ఇంకా పోలేదు.

1. పాస్‌పోర్టులు ముందు చేతికి తీసుకుని చూడండి

"నాది ఉందిలే" అనే మాట నమ్మవద్దు. ప్రతి పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ ఫోటో తెప్పించుకుని గడువు తేదీలు ఒక కాగితం మీద రాయండి. పిల్లల పాస్‌పోర్టుకి 5 ఏళ్లే గడువు. పెద్దవాళ్లకి 10 ఏళ్లు కదా అని పిల్లలవి మర్చిపోతారు. గడువు చాలకపోతే తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే కొత్తది చేయించుకోవచ్చు. పెద్దవాళ్లకి 36 పేజీల మామూలు పాస్‌పోర్టు ఫీజు 1,500 రూపాయలు. తత్కాల్ అయితే దాని మీద మరో 2,000. పోలీసు వెరిఫికేషన్ కూడా ఉంటుంది కాబట్టి ప్రయాణానికి మూడు నెలల ముందే మొదలుపెట్టండి.

మన తెలుగువాళ్లకి ఎక్కువగా వచ్చే తంటా ఇంటిపేరు. ఆధార్‌లో ఇనిషియల్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, టికెట్‌లో ఇంకోలా. టికెట్ మీద, ఈటీఏ మీద అక్షరం పొల్లుపోకుండా పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. అలాంటివాళ్ల పేరు ఎలా ఎక్కించాలో టికెట్ కొనేముందే ఆ విమాన సంస్థని అడిగి తెలుసుకోండి.

2. పండుగ ఎంచుకోండి

మన పంచాంగం తెలిస్తే సగం పని అయినట్టే. అక్కడ ప్రతి పౌర్ణమీ సెలవు దినం, దాన్ని 'పోయ' అంటారు. ప్రతి పోయకీ ఒక పేరుంది.

కాండీ పెరహెర: జూలై, ఆగస్టుల్లో పది రాత్రులు సాగే ఊరేగింపు. చివరి రాత్రి 'నికిని' పౌర్ణమికి, అంటే దాదాపు మన శ్రావణ పౌర్ణమి వేళకి వస్తుంది. మొదటి ఐదు రాత్రులని కుంబల్ పెరహెర, తర్వాతి ఐదింటిని రందోలి పెరహెర అంటారు. రందోలిలోనూ చివరి రెండు రాత్రులు చూడాలి. కొరడాల మోత, నిప్పు బంతులు, డప్పులు, కాండీ నృత్యం, వరసగా అలంకరించిన ఏనుగులు. బుద్ధుడి దంతధాతువు (ఆయన పన్ను అవశేషం) పేటిక మోసే ఏనుగు నడిచే దారిలో తెల్లటి బట్ట పరుస్తూ పోతారు. మన మాడవీధుల్లో గరుడసేవ చూసి పెరిగినవాళ్లకి ఆ జనం, ఆ ఎదురుచూపు, పేటిక కనబడగానే చేతులు జోడించే తీరు ఏవీ పరాయిగా అనిపించవు.

చిత్తూరు వాళ్లకి ఇంకో మాట. కాండీని చివరగా ఏలిన శ్రీ విక్రమ రాజసింహ నాయకర్ వంశస్థుడు. మధురై నుంచి వెళ్లిన తెలుగు మూలాలున్న వంశం అది. 1815లో ఆంగ్లేయులు ఆయన్ని గద్దె దించి మన పక్కనే ఉన్న వేలూరు కోటలో బంధించారు. 1832లో అక్కడే చనిపోయాడు. పాలారు ఒడ్డున సమాధి ఉంది. వెళ్లేముందు ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి అది చూపించండి. కాండీలో రాజభవనం ముందు నిలబడ్డప్పుడు వాళ్లకి ఆ ఊరు దగ్గరిదనిపిస్తుంది.

వెసాక్: మే నెలలో, మన వైశాఖ పౌర్ణమికి. వీధుల నిండా కాగితపు దీపాలు, జాతక కథలతో వెలిగే పెద్ద పెద్ద 'తొరణ'లు. దారి పొడవునా 'దన్సల' అని ఉచితంగా అన్నం, పానీయాలు పెడతారు. అచ్చం మన అన్నదానమే. వరసలో నిలబడి తినండి, మొహమాటపడకండి.

నల్లూరు కందస్వామి ఉత్సవం: జాఫ్నాలోని సుబ్రహ్మణ్య స్వామి గుడిలో 25 రోజులు. ఇది కూడా ఎక్కువగా ఆగస్టు వేళకే వస్తుంది. మగవాళ్లు చొక్కా తీసేసే లోపలికి వెళ్లాలి.

నవం పెరహెర: ఫిబ్రవరి పౌర్ణమికి కొలంబోలో, గంగారామయ ఆలయం దగ్గర. కాండీ అంత పెద్దది కాదు కానీ సముద్రానికి మంచి కాలం.

ఏప్రిల్ 13, 14 సింహళ, తమిళ ఉగాది. ఎవరైనా ఇంటికి పిలిస్తే అదృష్టమే. లేకపోతే ఆ రెండు రోజులూ, వాటికి అటూ ఇటూ కూడా హోటళ్లు, దుకాణాలు మూసి ఉంటాయి. పదిమందితో తిండికి తిప్పలు పడతారు. ఆ తేదీలు వదిలేయడం నయం.

హెచ్చరిక: అధిక మాసం వచ్చే ఏడాది మన లెక్కకీ వాళ్ల లెక్కకీ తేడా రావచ్చు. పంచాంగంతో అంచనా వేసుకోండి, తేదీ మాత్రం ఆలయం వాళ్లు ప్రకటించాకే ఖాయం చేసుకోండి.

3. నెలని బట్టి తీరం

శ్రీలంకకి రెండు వానకాలాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి దక్షిణ, పడమటి తీరాల మీద పడుతుంది. ఆ నెలల్లో తూర్పు తీరం నెమ్మదిగా ఉంటుంది. నవంబరు నుంచి జనవరి, ఒక్కోసారి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలి తూర్పు తీరాన్ని కొడుతుంది. అప్పటికి దక్షిణం తేటపడుతుంది. మన నైరుతి, ఈశాన్య రుతుపవనాలే ఇవి, కాబట్టి గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు.

- డిసెంబరు నుంచి మార్చి: ఉనవటున, మిరిస్సా, హిక్కడువ, బెంటోట
- మే నుంచి సెప్టెంబరు: ట్రింకోమలీ పక్కనున్న ఉప్పువేలి, నిలావేలి, ఇంకొంచెం కిందికి పాసికుడా
- అక్టోబరు, నవంబరు: రెండు కాలాలు మారే సమయం, పిల్లలతో వద్దు

ఈత రానివాళ్లు, పిల్లలు ఉంటే నా ఓటు పాసికుడాకే. అక్కడ చాలా దూరం లోపలికి నడిచినా నీళ్లు నడుము దాటవు. పగడాలు చూడాలంటే నిలావేలి నుంచి పడవలో పిజన్ ఐలాండ్‌కి వెళ్లండి. పగడాల మీద కాలు మోపవద్దు. అవి రాళ్లు కావు, ప్రాణమున్నవి. పైగా కాలు కోసుకుపోతుంది.

4. రూటు గీయండి

మొదటిసారి వెళ్లేవాళ్లు ద్వీపం చిన్నదే కదా అని ఏడు రోజుల్లో ఎనిమిది ఊళ్లు పెట్టుకుంటారు. దూరాలు తక్కువే కానీ రోడ్లు సన్నం. కొలంబో నుంచి కాండీ సుమారు 115 కిలోమీటర్లు, మూడున్నర గంటలు పడుతుంది. ట్రింకోమలీ నుంచి కాండీ సుమారు 180 కిలోమీటర్లు, ఐదు గంటలు వేసుకోండి.

ఆగస్టు కోసం నేను వాడే రూటు ఇది. మొదటి రాత్రి నెగొంబోలో. కొలంబో విమానాశ్రయం ఉన్న కటునాయకకి దగ్గరిది అదే, కొలంబో ట్రాఫిక్‌లోకి వెళ్లనక్కరలేదు. రెండో రోజు దంబుల్ల గుహాలయం చూసి సిగిరియాలో బస. మూడో రోజు తెల్లవారగానే సిగిరియా ఎక్కి, మధ్యాహ్నానికి నిలావేలి. అక్కడ మూడు రాత్రులు. ఆరో రోజు కాండీ, రెండు రాత్రులు. ఎనిమిదో రోజు విమానం.

సిగిరియాకి సుమారు 1,200 మెట్లు. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కినవాళ్లకి ఇదో లెక్క కాదు. కానీ పైన నీడ ఉండదు, ఇనుప మెట్లు ఇరుకు, కందిరీగలు కూడా ఉంటాయి కాబట్టి అరుపులు, కేకలు వద్దు. గేటు తెరిచే వేళకే వెళ్లండి. టికెట్ దగ్గర పాస్‌పోర్టు చూపించి సార్క్ దేశాల (దక్షిణాసియా దేశాల) వాళ్లకిచ్చే తక్కువ ధర ఉందా అని అడగండి. అడగకపోతే పూర్తి ధర కట్టేస్తారు.

రూటు సరిగా ఉందో లేదో చూసుకునే పద్ధతి: ఏ రోజైనా వ్యాన్‌లో ఐదు గంటలు దాటితే ఆ రోజు ఇంకేమీ పెట్టవద్దు. అలాంటి రోజులు రెండుకి మించితే ఒక ఊరు కొట్టేయండి. పరుపు మారే రాత్రులు లెక్కపెట్టండి, వారానికి నాలుగు బసలు మించితే పెద్దవాళ్లు అలసిపోతారు.

5. టికెట్లు, ఈటీఏ, వ్యాను

రేణిగుంట నుంచి కొలంబోకి నేరుగా విమానం లేదు, చెన్నై వెళ్లాల్సిందే. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా మూడున్నర, నాలుగు గంటలు. చిత్తూరు వాళ్లకి రాణిపేట, శ్రీపెరుంబుదూరు దారి సులువు, విమానాశ్రయం వైపే తేలుతుంది. విమానం ఎక్కాక గంటన్నర లోపే కొలంబో. గడియారం మార్చుకోనక్కరలేదు, వాళ్ల టైమూ మన టైమూ ఒకటే. జాఫ్నా పండుగకైతే చెన్నై నుంచి జాఫ్నాకే చిన్న విమానాలు నడుస్తాయి, సామాను పరిమితి చూసుకుని కొనండి.

ఈటీఏ ఫీజు, నియమాలు తరచూ మారుతుంటాయి. బుక్ చేసే వారంలో ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూడండి. వెతికితే పైన వచ్చేవి చాలావరకు ఎక్కువ డబ్బు గుంజే దళారీ సైట్లు. అసలుది 'గవ్ డాట్ ఎల్‌కే' అని ముగుస్తుంది.

వ్యాను అడిగేటప్పుడు "కేడీహెచ్" అనండి, అది టయోటా వ్యాను పేరు, అక్కడ అందరికీ అర్థమవుతుంది. సీట్లు ఎక్కువే ఉన్నా పెట్టెలతో తొమ్మిది పది మందికి మించి సుఖంగా కూర్చోలేరు. పదిహేను మంది దాటితే 'రోసా' అనే చిన్న బస్సు తీసుకోండి. ధర మాట్లాడేటప్పుడు ఈ నాలుగూ రాతలో తీసుకోండి: డీజిల్, ఎక్స్‌ప్రెస్‌వే టోలు, డ్రైవర్ తిండీ బసా, రోజుకి ఎన్ని కిలోమీటర్లు. మాటల్లో ఒప్పుకున్నది చివరి రోజు గొడవ అవుతుంది.

ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. ఎవరి పాన్ మీద పట్టారో రాసిపెట్టుకోండి, ఐటీ రిటర్న్‌లో వాళ్లే సర్దుబాటు చేసుకోవచ్చు.

6. డబ్బు ఒకరి చేతిలో ఉండాలి

అందరి దగ్గరా సమానంగా తీసుకుని ఉమ్మడి డబ్బు ఒకరికి ఇవ్వండి. లెక్క రాసేది ఇంకొకరు. ఈ రెండు పనులూ ఒకే మనిషి మీద వేయకండి, ఆ మనిషికి హాలిడే ఉండదు. వ్యాను, తిండి, ప్రవేశ టికెట్లు ఉమ్మడిలోంచి. షాపింగ్, మందు, మసాజులు ఎవరివి వాళ్లవే. ప్రతి రాత్రి పడుకునేముందు పది నిమిషాలు కూర్చుని ఆ రోజు లెక్క చదవండి.

2024 ఫిబ్రవరి నుంచి శ్రీలంకలో యూపీఐ కూడా మొదలైంది. యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు ఇక్కడే ఆన్ చేసుకుని వెళ్లండి. అయినా పల్లె హోటళ్లకి, పడవల వాళ్లకి నగదే కావాలి. వాళ్ల రూపాయలు విమానాశ్రయంలో కొంచెం, మిగతావి ఊళ్లో మార్చుకోండి. ధరలు వేలల్లో కనిపిస్తే కంగారుపడకండి, ఈమధ్య మన ఒక్క రూపాయికి వాళ్లవి మూడుకి పైనే వస్తున్నాయి.

7. తిండి: ఇక్కడ నిదానంగా చదవండి

శాకాహారులకి అక్కడ ఆకలి ఉండదు. కానీ తెలియకుండా చేప తినేసే ప్రమాదం ఉంది. కారణం 'ఉంబలకడ', ఎండబెట్టిన ట్యూనా చేప. మన కరవాడు లాంటిదే, కాకపోతే చెక్కముక్కలా గట్టిగా ఉంటుంది. కొబ్బరి పచ్చడి లాంటి పోల్ సంబోల్, ఉల్లి కారం లాంటి లునుమిరిస్, కొన్ని కూరలు, ఒక్కోసారి పప్పులో కూడా వేస్తారు. వాళ్ల దృష్టిలో అది చేప కాదు, పోపు సామాను. అందుకే "వెజ్ కదా?" అని అడిగితే నిజాయితీగానే అవునంటారు.

అడగాల్సిన తీరు ఇది. తమిళం తెలిసిన చోట: "మాసి పోడాదీంగ, మీన్ వేండాం." (మాసి అంటే ఈ ఎండు చేపే.) సింహళంలో: "ఉంబలకడ ఎపా, మాలు ఎపా, మస్ ఎపా." ఎపా అంటే వద్దు, మాలు అంటే చేప, మస్ అంటే మాంసం. గుడ్డు కూడా వద్దంటే "బిత్తర ఎపా". మన చిత్తూరు జిల్లా వాళ్లకి వచ్చిన తమిళం ట్రింకోమలీ, జాఫ్నాల్లో ఎంత పనికొస్తుందో అక్కడికి వెళ్లాక చూస్తారు.

తప్పకుండా తినాల్సినవి: అంచు కరకరలాడే అప్ప (మన అప్పమే, ఇంకా సన్నగా), ఇంది అప్ప అనే ఇడియాప్పం, కొబ్బరిపాలలో ఉడికించిన ఎర్ర పప్పు 'పరిప్పు', కొబ్బరిపాల అన్నం కిరిబత్. గేదె పెరుగు మీద కితుల్ చెట్టు పాకం పోసిన 'కిరి పాణి' కుండల్లో వస్తుంది, పెరుగన్నం మనుషులం కదా, రెండో కుండ అడగకుండా లేవలేరు. దారిలో నారింజ రంగు కొబ్బరిబోండాలు, 'తంబిలి'. మాంసాహారులకి పీతల కూర, చేప అంబుల్ తియల్ ఉన్నాయి.

జాగ్రత్త పడాల్సినవి రెండు. కొత్తు రొట్టె వెజ్ అని చెప్పినా అదే పెనం మీద మాంసం కొడతారు, పట్టింపు ఉంటే పెనం కడిగించండి లేదా మానేయండి. వట్టలప్పం చూడటానికి బెల్లం పాయసంలా ఉంటుంది, అందులో గుడ్డు ఉంటుంది.

గ్రూపులో రెండు రకాల వాళ్లూ ఉంటే మధ్యాహ్నం అందరూ శాకాహారం, రాత్రి ఎవరిది వాళ్లది అని పెట్టుకోండి. మూడు ప్రయాణాల్లోనూ గొడవ లేకుండా నడిచిన పద్ధతి ఇదొక్కటే.

8. సముద్రంలో దిగేముందు

మనది కొండ కింద ఊరు. తూపిలిపాలెంలోనో మెరీనాలోనో కాళ్లు తడుపుకున్న అనుభవమే ఎక్కువమందికి. అందుకని దిగేముందు హోటల్ వాళ్లని, ఒడ్డున జాలరులని "ఈరోజు దిగొచ్చా?" అని అడగండి. ఎర్రజెండా ఉంటే చీలమండ లోతుకి కూడా వద్దు. అలలు లేని సన్నటి దారి ఒకటి నీళ్లలో కనబడి, అది ప్రశాంతంగా ఉందనిపిస్తే మోసపోకండి. లోపలికి లాక్కుపోయేది అదే. ఎప్పుడైనా అందులో పడితే ఒడ్డుకి ఎదురీదవద్దు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి, లాగుడు తగ్గాక తిరగండి. ఇద్దరు పెద్దవాళ్లు ఎప్పుడూ ఒడ్డున నిలబడి తలలు లెక్కపెడుతూ ఉండాలి, గంటకోసారి మారండి.

బీచ్ వద్దనే పెద్దవాళ్లని ఆ పూట ట్రింకోమలీలోని కోనేశ్వరం గుడికి, అక్కడికి దగ్గరున్న కన్నియ వేడినీటి బావులకి పంపండి. ఏడు బావులు, ఒక్కోదానిలో ఒక్కో వేడి.

అవసరానికి: మన 108 లాగా అక్కడ 1990 ఉచిత అంబులెన్స్. భారత్ సాయంతో మొదలైన సేవ అది. పోలీసులకి 119.

9. పెరహెర రాత్రి

మధ్యాహ్నానికే రోడ్లు మూసేస్తారు, వ్యాను లోపలికి రాదు. నడిచి వెళ్లగలిగే దూరంలో రూము దొరికితే డబ్బు కొంచెం ఎక్కువైనా తీసుకోండి. షాపుల ముందు కుర్చీలు అమ్ముతారు. హోటల్ ద్వారా ముందే చెప్పుకోండి, వరస నంబరు అడగండి, రసీదు తీసుకోండి. మూడో వరసలో పిల్లలకి ఏనుగుల తలకట్లు తప్ప ఏమీ కనబడవు. ఉచితంగా ఫుట్‌పాత్ మీద చూడాలంటే మధ్యాహ్నం ఒంటిగంటకే చాప పరవాలి. గొడుగు, నీళ్లు, పులిహోర పొట్లాలు దగ్గరుంచుకోండి. బాత్రూమ్ ఎక్కడుందో కూర్చునేముందే చూసుకోండి. ఏనుగులకి ఫ్లాష్ కొట్టవద్దు.

పోయ రోజున మద్యం అమ్మరు. తాగేవాళ్లకి ఈ మాట ముందే చెప్పేయండి, అక్కడ వెతుక్కుంటూ తిరగకుండా. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ దిగడం అక్కడ పెద్ద తప్పు, కేసులు కూడా అయ్యాయి. బుద్ధుడి బొమ్మ పచ్చబొట్టు ఉంటే పూర్తిగా కప్పుకోండి.

10. బయల్దేరే ముందురోజు సరిచూసుకోండి

అందరినీ ఒకరింట్లో కూర్చోబెట్టి, పాస్‌పోర్టు, టికెట్, ఈటీఏ మూడూ పక్కపక్కన పెట్టి, ఒకరివి ఇంకొకరు గట్టిగా చదవండి. తన పేరులో తప్పు తన కంటికి కనబడదు. అన్నిటి ఫోటోలూ ఇద్దరి ఫోన్లలో ఉండాలి. డ్రైవర్‌కి ఒకసారి ఫోన్ చేసి విమానం నంబరు చెప్పి, తిరిగి చెప్పించుకోండి. చెన్నైకి విమానం టైముకి మూడు గంటల ముందు చేరేలా లెక్కేసుకుని, దారి ట్రాఫిక్‌కి ఇంకో గంట కలుపుకోండి. ఉదయం ఏడింటి విమానమైతే ముందురోజు రాత్రి పదకొండుకే తిరుపతి వదలాలి.

తిరిగొచ్చేటప్పుడు దాల్చినచెక్క, టీపొడి తెచ్చుకోండి. అసలు సిలోన్ దాల్చినచెక్క కాగితంలా పల్చగా, పొరలు పొరలుగా చుట్టుకుని ఉంటుంది. గట్టిగా ఒకే పట్ట ఉంటే కొనవద్దు. ఉమ్మడి డబ్బు లెక్క మాత్రం ఇంటికెళ్లాక చూద్దామని వాయిదా వేయకండి. చెన్నై నుంచి వచ్చే బండిలోనే పుస్తకం తీయండి, పుత్తూరు వచ్చేలోపు ఎవరికి ఎంత రావాలో తేల్చి పంపించేయండి.